అన్నిటికీ సరే

కంప్యూటర్ మెకానిక్ ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి తెర మీద ఒక ఉయ్యాల ఊగుతోంది. దాని పక్కన పసిపిల్లల పరుపు. పరుపు పక్కన బుల్లి దోమతెర. అవి కాసేపు ఊగి, "ఇంకా ఆలోచిస్తున్నారా?" అని అడిగి, మాయమై, వేరే రంగులో మళ్ళీ వస్తున్నాయి.

"ఇదండీ వరస," అంది తలుపు తీసిన అమ్మాయి. "కరెంటు బిల్లు కట్టడానికి తెరిస్తే ఉయ్యాల. రేపు వాన పడుతుందా అని చూస్తే ఉయ్యాల. వైరస్ ఏమైనా పట్టిందా?"

"వైరస్ కాదక్కా, మామూలే," అన్నాడతను గొంతు బాగా తగ్గించి. "మీరు నిలబడకండి. అలా కూర్చోండి."

అక్క అన్న మాట ఆమెకి నచ్చలేదు. చూడబోతే తనకన్నా ఒకటి రెండేళ్ళు పెద్దవాడే. కానీ అతను ఆ మాట ఎంతో మర్యాదగా, కాస్త జాలిగా కూడా అనడంతో కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ ఇంట్లో ఎవరిని పిలిచినా తాతయ్యకి ఏమవుతారన్న లెక్కలోనే పిలుస్తారు గనక, మనమూ ఆమెని మనవరాలనే అందాం. గది అవతలి మూల మిషన్ మీద స్కూలు యూనిఫారాలు కుడుతున్నావిడ ఆమె తల్లి, అంటే తాతయ్యకి కోడలు. తండ్రి దూరప్రాంతాల లారీ నడుపుతాడు. ఇంట్లో ఉండే రోజులు తక్కువ.

"ఏ సైటు తెరిచినా కింద ఒక పలక వస్తుంది కదా, కుకీలు ఒప్పుకుంటారా అని," మెకానిక్ అడిగాడు. "దానికి మీరేం నొక్కుతారు?"

మిషన్ ఆగింది. "నేనైతే సరే నొక్కుతాను బాబూ," అంది కోడలు.

"అన్నిటికీ?"

"అన్నిటికీ. అడిగినవాళ్ళని కాదనడం ఎందుకు? అయినా రంగు వేసి పెద్దగా పెట్టింది ఆ సరే ఒక్కటేగా. కాదు అనేది ఎక్కడో మూల, బూడిద రంగులో, కళ్ళజోడు పెట్టుకున్నా కనపడదు. వాళ్ళ ఉద్దేశం కూడా మనం సరే అనాలనేగా?"

మెకానిక్‌కి ఆ మాటలో తప్పు కనిపించలేదు. తెర వైపు తిరిగి సెట్టింగ్స్ తెరిచాడు. అతని వేళ్ళు చాలా చురుకైనవి. అదే అతని గొప్ప, అదే అతని జబ్బు కూడా. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా మొదట చేసే పని ఒకటే, ఉన్న కుకీలన్నీ తుడిచెయ్యడం.

"దానివల్ల ఏమైనా పోతుందా..." అని మనవరాలు అడగబోయేలోపే నొక్కేశాడు.

"ఏమీ కాదక్కా. మహా అయితే పాస్‌వర్డులు మళ్ళీ కొట్టుకోవాలి."

ఉయ్యాల మాయమైంది. కోడలు లేచి వచ్చి చూసి, "అబ్బ, ఇల్లు కడిగినట్టుంది," అని మెచ్చుకుంది.

సరిగ్గా అప్పుడే తాతయ్య సాయంత్రం నడక ముగించుకుని వచ్చాడు. ఆయన రిటైరైన టికెట్ కలెక్టర్. ఇప్పటికీ గదిలోకి వస్తే అందరి మొహాలూ వరసగా చూసుకుంటూ వస్తాడు. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, మెకానిక్‌ని లేవమన్నట్టు చూసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చదరంగం సైటు తెరిచాడు.

బల్ల మీద పావులన్నీ కొత్తగా, వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్క బంటు కూడా కదల్లేదు.

"కెప్టెన్ ఏడి?" అన్నాడు తాతయ్య.

పేజీ మూసి మళ్ళీ తెరిచాడు. అవే పావులు.

"నిన్నటికి ఆయన మంత్రి మూలకి చిక్కింది. ఇవాళో రేపో ఆట నాదే. కెప్టెన్ ఏడమ్మాయ్?"

కెప్టెన్ ఎవరో మెకానిక్‌కి కోడలు చెప్పింది. నెలల తరబడి మావయ్యగారితో ఆ సైట్లో ఆడుతున్న మనిషి. పేరు తెలియదు, ఊరు తెలియదు. సైటు అతన్ని 'అతిథి' అంటుంది, మావయ్యగార్నీ 'అతిథి' అనే అంటుంది. ఎత్తు వెయ్యడానికి ఒక్కోసారి పూట పడుతుంది గనక, అవతలివాడు ఓడలో తిరిగి రిటైరైన కెప్టెన్ అయివుంటాడని మావయ్యగారు తేల్చారు. ఆలస్యమైతే, ఇవాళ సముద్రం బాగోలేనట్టుంది, అంటారు.

మెకానిక్ మొహంలో రంగు మారింది. "తాతగారూ, మీకు ఆ సైట్లో అకౌంట్ ఉందా?"

"అకౌంట్ ఎందుకు? అతిథిగా ఆడొచ్చని వాడే రాశాడు."

"అదేనండీ..." అతను నుదురు తుడుచుకున్నాడు. "స్టేషన్లో సామాన్ల గది ఉంటుంది కదా. పెట్టె అక్కడ పెడితే ఒక చీటీ ఇస్తారు. కుకీ అంటే ఆ చీటీ లాంటిది. మీ ఆట ఆ సైట్లోనే ఉంది. కానీ ఆ ఆట మీదని చెప్పే చీటీ ఈ కంప్యూటర్లో ఉండేది. ఇప్పుడది లేదు. అందుకని మీరెవరో కొత్తవాళ్ళనుకుని కొత్త బల్ల వేశాడు."

"చీటీ ఏమైంది?"

"తుడిచేశానండీ."

"తుడిచేముందు ఎవరిదని అడిగావా?"

"లేదండీ. ఆ ప్రకటనలు వెంటపడేది కూడా కుకీలవల్లే. అవి వేరే రకం. మనం చూసే సైటువి కావు, పక్కన చేరి మనం ఎక్కడెక్కిందీ ఎక్కడ దిగిందీ రాసుకునేవాళ్ళవి. వాటికోసమని మొత్తం..."

"చూడు నాయనా," అన్నాడు తాతయ్య. గొంతు పెంచలేదు. "నేను సర్వీసంతా రైళ్ళలో తిరిగాను. టికెట్టు లేని ఇద్దర్ని దించడానికి బోగీ మొత్తం ఎప్పుడూ ఖాళీ చేయించలేదు."

లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. కోడలు కాఫీ తీసుకెళితే, వద్దమ్మా, అన్న మాట బయటికి వినిపించింది. ఆయన కాఫీ వద్దనడం ఆ ఇంట్లో అదే మొదలు.

మెకానిక్‌ని సాగనంపడానికి మనవరాలు గేటు దాకా వచ్చింది. సాగనంపడం అనేకంటే బయట నిలబెట్టి అడగడానికి వచ్చింది అనాలి.

"మీకు తెలియదు," అంది. "తాతయ్యతో రోజూ చదరంగం ఆడే ఇంజను డ్రైవరుగారు కిందటేడు పోయారు. ఆ తర్వాత మా తాతయ్య గడ్డం గీసుకోవడం మానేశాడు. నడక మానేశాడు. పొద్దెక్కినా లేచేవాడు కాదు. నాతో ఆడు తాతయ్యా అంటే, ఉద్యోగం చేసుకునే పిల్లవి, నాతో నీకేం పనే, అనేవాడు. ఈ ఆట మొదలయ్యాకే మనిషయ్యాడు. కెప్టెన్ ఎత్తు వేశాడేమో చూడాలని పొద్దున్నే లేస్తాడు. చూసేముందు గడ్డం గీసుకుంటాడు, ఎవరో పెద్దమనిషి ఎదుటికి వెళుతున్నట్టు."

మెకానిక్ తల వంచుకుని గేటు గొళ్ళెం అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఒక దారుందక్కా. ఆ కెప్టెన్ గారి దగ్గర ఆయన చీటీ ఆయనకుంటుంది. అదే అమరికతో ఆయన కొత్త బల్ల వేసి, లింకు పంపిస్తే మీ తాతగారు కూర్చోవచ్చు. కానీ ఆయన ఎవరో, ఏ దేశంలో ఉన్నాడో..."

మనవరాలు ఇంటి వైపు ఒకసారి చూసి, తన ఫోన్ తీసి అతని మొహం ముందు పెట్టింది. అందులో బల్ల ఉంది. మంత్రి మూలకి చిక్కి ఉంది.

"దొరికాడు," అంది.

అతను ఫోన్ వైపూ ఆమె వైపూ చాలాసేపు చూశాడు. "కెప్టెన్..."

"నేనే. తాతయ్యకి ఆ సైటు తెరిచిచ్చి, అవతల కూర్చున్నదీ నేనే. నేను పనిచేసే ఫర్నిచర్ షాపులో బేరాలుంటే ఎత్తు వెయ్యడం కుదరదు. దానికి సముద్రం ఏం చేస్తుంది చెప్పండి? ఈ మాట మా తాతయ్యకి తెలియకూడదు. తెలిసిన రోజున, నామీద జాలిపడి ఆడుతున్నావా, అని మానేస్తాడు. రేపు మా షాపుకి రండి. బల్ల మళ్ళీ వేద్దాం."

"తప్పకుండా అక్కా."

"ఆ అక్కని ఇక్కడే వదిలేసి రండి."

మర్నాడు అతను ఫర్నిచర్ షాపు చేరేసరికి వాన పట్టుకుంది. వాన కూడా కాస్త ముందు పడాలో వెనక పడాలో తెలియనట్టు, సరిగ్గా అతను బండి దిగి మెట్లెక్కే ఆ కాస్త దూరంలోనే కుమ్మరించింది. నీళ్ళోడుతూ లోపలికి వచ్చి చూస్తే, మనవరాలు ఒక చెక్క ఉయ్యాలని రెండు చేతులా ఎత్తి అద్దాల అరుగు మీదికి మోస్తోంది.

అతను పరుగున వెళ్ళి ఆ ఉయ్యాల లాక్కున్నాడు.

"మీరు బరువులెత్తకూడదు."

"ఎందుకు?"

"ఎందుకేంటండీ, ఈ పరిస్థితిలో."

"ఏ పరిస్థితిలో?"

మెకానిక్ ఉయ్యాల కింద పెట్టాడు. ఆమె మొహం చూసి దాన్ని మళ్ళీ పైకెత్తి, దానివెనక నిలబడ్డాడు.

"మీ కంప్యూటర్లో ఉయ్యాలలు, పరుపులు, దోమతెరలు చూశాను. అదంతా ఊరికే రాదు. మనం ఏది వెతికితే అదే వస్తుంది. అందుకని మీరు... పుట్టింటికి వచ్చారేమోనని..."

మనవరాలు పక్కనున్న సోఫాలో కూలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వింది. లోపలినుంచి ఓనరుగారు, ఏమైందమ్మా, అని కేకేశాడు. ఆయనకి నడుం నొప్పి, లేచి రాలేడు.

"ఈ షాపులో ధరల చీటీలు రాసేది నేను," అంది ఆఖరికి కళ్ళు తుడుచుకుని. "పై వీధి షాపులవాళ్ళు ఉయ్యాల ఎంతకి అమ్ముతున్నారో రోజూ చూసి, మేం కాస్త తగ్గించి రాస్తాం. ఇంటికెళ్ళాక కూడా చూస్తుంటాను. నేనేం చూశానో మీ కుకీలకి తెలుసు. ఎందుకు చూశానో తెలియదు. పోనీ వాటికి బుర్రలేదు, మీ సంగతేంటి?"

"అంటే మీకు పెళ్ళి..."

"కాలేదు."

"మంచిది."

"ఏం మంచిది?"

"అదే," అన్నాడతను ఉయ్యాల వెనకనుంచి. "బరువులెత్తొచ్చు."

ఇద్దరూ సోఫా చెరో చివరా కూర్చుని పని మొదలుపెట్టారు. పాత ఆటలో పావులు ఎక్కడెక్కడున్నాయో ఆమె చెబుతుంటే అతను కొత్త బల్ల మీద అమర్చాడు. లింకు తయారైంది.

"ఒకటి గుర్తుపెట్టుకోండి," అన్నాడు మెకానిక్ గంభీరంగా. "ఈ లింకు ఎవరు ముందు తెరిస్తే ఎదుటి కుర్చీ వాళ్ళదే. చీటీ వాళ్ళకే పడుతుంది. కాబట్టి మీ ఇంటి కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా దీన్ని తెరవకూడదు."

"సరే."

"పనిచేస్తుందో లేదో చూద్దాం," అంటూ తన ఫోన్లో తెరిచాడు.

కొత్త బల్బు పెట్టగానే స్విచ్ వేసి చూడనిదే ఉండలేని జాతి మనిషి. మనవరాలి ఫోన్ టింగుమంది. 'మీ ప్రత్యర్థి వచ్చారు' అని కనిపించింది.

"ప్రత్యర్థి ఎవరు?" అందామె.

"నేనేనండీ," అన్నాడతను నీరసంగా.

ఆమె ఈసారి నవ్వలేదు. అతన్ని తేరిపార చూసింది. అలా చూస్తే, తడిసిన జుట్టు నుదుటికి అంటుకుని, తప్పుచేసిన మొహంతో మనిషి బాగానే ఉన్నాడనిపించింది. ఆ సంగతి బయటపడకుండా, "మిమ్మల్ని మా అమ్మ ఎక్కడ పట్టుకొచ్చిందో కనుక్కోవాలి," అంది.

ఇంకో బల్ల వేశారు, ఇంకో లింకు తయారైంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"ఈ మొదటిది తీసెయ్యనా?" అడిగింది.

"ఉంచండి," అన్నాడు మెకానిక్. "తుడిచే అలవాటు మానుకుంటున్నాను."

ఆ సాయంత్రం తాతయ్య గదిలోంచి బయటికి వచ్చేసరికి బల్ల సిద్ధంగా ఉంది. మంత్రి మూలకి చిక్కి ఉంది. మెకానిక్ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"సైటువాళ్ళకి రాసి, వాళ్ళ ద్వారా కెప్టెన్ గారికి కబురు పంపించానండీ," అని, దారిపొడుగునా నేర్చుకున్న అబద్ధం ఒప్పజెప్పాడు.

తాతయ్య అతన్ని కళ్ళజోడు పైనుంచి చూశాడు, దొంగ టికెట్టుని వెలుతురుకి పెట్టి చూసినట్టు. "ఎలా ఉన్నాడు కెప్టెన్?"

"బాగున్నారండీ. మీరు కనపడకపోయేసరికి బెంగపెట్టుకున్నారట."

వంటింటి గుమ్మంలో మంచినీళ్ళు తాగుతున్న మనవరాలికి పొరబోయింది.

"పాపం," అన్నాడు తాతయ్య. ఎత్తు వేశాడు. తర్వాత కాఫీ అడిగాడు.

ఆ పూట మెకానిక్ అన్నీ పద్ధతిగా చేశాడు. చదరంగం సైటు చీటీ ఎప్పటికీ పోకుండా కట్టుదిట్టం చేశాడు. పక్కన చేరి రాసుకునేవాళ్ళని అసలు రానివ్వకుండా ఆపాడు. కోడల్ని పిలిచి, ఆ పలక మీద 'సెట్టింగ్స్ చూడండి' అన్న చిన్న మాట ఎక్కడ దాక్కుంటుందో చూపించాడు.

"ఇది నొక్కితే విడివిడిగా చూపిస్తారండీ. సైటు పనిచెయ్యడానికి తప్పనివి ఉంచండి. మిగతావాటికి కాదనండి. ఇంకోటి, ఎప్పుడైనా తుడవాల్సి వస్తే మొత్తం తుడవద్దు. ఏ సైటుదో చూసి అదొక్కటే తుడవండి."

"ఇంత వెతికి కాదనాలంటే, అది కాదనడం కాదు బాబూ, పోట్లాట," అంది కోడలు. అయినా నేర్చుకుంది. రెండు రోజులు కాదంది. మూడోరోజు, పాపం అడుగుతున్నారు కదా, అని మళ్ళీ సరే మొదలుపెట్టింది.

మొదటి బల్ల అలా మిగిలిపోయిందా, దాని మీద మనవరాలూ మెకానిక్కూ ఆడడం మొదలుపెట్టారు. తాతయ్య గెలవబోతున్న ఆటని చేతికందుకుని మెకానిక్ నాలుగెత్తుల్లో ఓడిపోయాడు. ఇంకో ఆట వేశారు. బల్ల పక్కన మాటలు రాసుకునే చోటు ఒకటుంది.

'మీ బంటు దారితప్పినట్టుంది,' అని ఆమె రాసేది.

'అది మీ షాపు చూడ్డానికి వచ్చిందండీ.'

'ఏం కావాలట?'

'ఏమీ వద్దట. ఊరికే కూర్చుంటుందట.'

'సోఫాలు అమ్మడానికున్నాయి, కూర్చోవడానికి కాదు.'

వాన పడ్డప్పుడల్లా మెకానిక్ బండి ఆ షాపు ముందే ఆగిపోయేది. బండిలో ఏం లోపమో ఓనరుగారికి అర్థమయ్యేది కాదు. కంప్యూటర్లు బాగుచేసేవాడు బండి బాగుచేసుకోలేడా, అనేవాడు. మెల్లగా అక్కా అన్న మాట పోయి మేడమ్ వచ్చింది. మేడమ్ పోయి, ఏమండీ, వచ్చింది. అక్కడ ఆగింది.

ఒక్కటి మాత్రం మెకానిక్‌కి అర్థమయ్యేది కాదు. ఆటలో తను ఆమె గుర్రాన్ని తిన్న రోజున ఆమె జవాబులు ముక్తసరిగా ఉండేవి. 'ఊఁ,' 'సరే,' 'పనుంది,' అంతే. అతని గుర్రాలు మాత్రం ఎప్పుడూ భద్రంగా ఉండేవి. అది తన ఆట గొప్పతనమనుకున్నాడు.

ఒకరోజు ఉయ్యాల కింద పడి ఆమె ఫోన్ అద్దం పగిలింది. అతను వచ్చి తీసుకెళ్ళాడు. వెళ్ళేముందు ఆమె, "తాతయ్య ఎత్తు వేసి ఉంటాడు. నా బదులు మీరు వేసెయ్యండి, ఎదురుచూస్తాడు," అని లాక్ నంబరు చెప్పింది.

మెకానిక్ అద్దం మార్చాడు. బల్ల తెరిచాడు. తాతయ్య గుర్రం ఒకటి కాపలా లేకుండా నడిబజార్లో నిలబడి ఉంది. ఇంతకంటే తేలికైన ఎత్తు ఉండదనుకుని, దాన్ని తినేశాడు.

సాయంత్రం మనవరాలు ఇంటికి వచ్చేసరికి కంప్యూటర్ ఆపేసి ఉంది. తాతయ్య దాని ముందే కూర్చుని ఉన్నాడు. కోడలు మిషన్ ఆపి చూస్తోంది.

"కెప్టెన్‌ని ఎవరో ఓడలోంచి తోసేశారు," అన్నాడు తాతయ్య.

"అదేంటి తాతయ్యా?"

"నా గుర్రాన్ని చంపారు."

మనవరాలు చేతిసంచి కింద పెట్టింది. "ఆటలో చంపుతారుగా. కెప్టెనే చంపి ఉంటాడు."

"కెప్టెన్ చంపడు. అందరికీ పావులు పావులే. ఈ ఇంట్లో ఒక పిల్ల చదరంగం నేర్చుకునేటప్పుడు నేను గుర్రాన్ని తింటే అన్నం మానేసి ఏడ్చింది. ఆ రోజునుంచి ఈ ఇంట్లో ఎవరూ గుర్రాల జోలికి వెళ్ళం. మీ నాన్న కూడా వెళ్ళడు. ఆ కెప్టెన్, మొదలుపెట్టిన వారంలోనే, నా గుర్రం చేతికి చిక్కితే దాన్ని వదిలేసి చుట్టూ తిరిగి వెళ్ళాడు. మళ్ళీ చిక్కితే మళ్ళీ వదిలేశాడు. ప్రపంచంలో అలా ఆడే మనిషి ఎవరో నాకు తెలియదా?"

ఇంట్లోవాళ్ళకి ఇంటి అలవాట్లు అలవాట్లలా కనిపించవు. గుర్రాన్ని చంపకూడదని మెకానిక్‌కి చెప్పాలన్న ఆలోచనే ఆమెకి రాలేదు.

"అప్పటినుంచీ తెలుసా? మరి చెప్పలేదేం?"

"చెబితే కెప్టెన్ వెళ్ళిపోతాడుగా," అన్నాడు తాతయ్య. "రోజంతా ఉయ్యాలలు మోసి వచ్చి, నాకోసం నువ్వు కెప్టెన్ వేషం వేశావు. వేషం వేసుకున్న మనిషికి ఓ ఓడయినా ఉండాలని నేనే ఓడ కట్టిచ్చాను. ఆ కుర్రాడు ఆట తుడిచిన రోజున నాకు ఆటకోసం బాధ కలగలేదమ్మా. ఇదే సందని నువ్వు మానేస్తావేమోననుకున్నాను."

మనవరాలు ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చుని ఆయన మోకాలికి తల ఆనించింది. తాతయ్య ఆమె జుట్టు సవరించి, తాపీగా అడిగాడు.

"ఇంతకీ ఇవాళ నీ ఫోన్ ఎవరి దగ్గరుంది?"

"మెకానిక్ దగ్గర. అద్దం పగిలితే."

"లాక్ ఉంటుందిగా?"

"చెప్పాను."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నాకూ చెప్పలేదు," అంది కోడలు వెనకనుంచి.

మనవరాలు తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అంతలో గేటు చప్పుడైంది. బయట చినుకులు. ఫోన్‌ని రుమాల్లో చుట్టుకుని మెకానిక్ గుమ్మంలో నిలబడ్డాడు.

"రా నాయనా, కూర్చో," అన్నాడు తాతయ్య. అలమరలోంచి చెక్కబల్ల తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు. మనవరాలి వైపు తిరిగి, "నువ్వు నోరు తెరవకూడదు," అన్నాడు.

ఆట సాగింది. మనవరాలు గోడకి ఆనుకుని నిలబడి గోళ్ళు చూసుకుంటోంది. కాసేపటికి తాతయ్య ఒక గుర్రాన్ని తీసి, ఎవరూ కాపలా లేనిచోట, మెకానిక్ ఏనుగుకి ఎదురుగా పెట్టాడు.

మెకానిక్ చెయ్యి ఏనుగు మీదికి వెళ్ళింది. అతని వేళ్ళ చురుకు మనకి తెలిసిందే. మనవరాలు కళ్ళు మూసుకుంది.

కానీ చెయ్యి గాల్లోనే ఆగింది. పొద్దున తిన్నదీ గుర్రమే. తర్వాత ఆ బల్ల మీద ఇంకో ఎత్తు పడలేదు. ఆమె 'పనుంది' అన్న రోజులన్నీ గుర్రం తిన్న రోజులే. అతను తాతయ్యని చూశాడు, మిషన్ దగ్గర కోడల్ని చూశాడు, గోడ దగ్గర మూసుకున్న కళ్ళని చూశాడు.

"తాతగారూ," అన్నాడు నెమ్మదిగా. "ఈ గుర్రాన్ని తీసేస్తే ఎవరైనా బాధపడతారాండీ?"

తాతయ్య వెనక్కి ఆనుకున్నాడు. "ఆ గోడ దగ్గరున్నావిడ పడుతుంది."

"అయితే వద్దులెండి," అని చెయ్యి తీసేసి ఒక బంటు జరిపాడు. "ఏమండీ, ఇన్నాళ్ళూ మీ గుర్రాలు ఎన్నిటిని తిన్నానో. ఒక్క మాట చెప్పకూడదా?"

"మీరు అడిగారా?" అంది మనవరాలు కళ్ళు తెరిచి.

"ఇప్పుడు అడుగుతున్నాను. ఇంకోటి కూడా అడగాలి." బల్ల మీది పావుల్ని చూస్తూ అన్నాడు, తలెత్తితే మాట పోతుందేమోనన్నట్టు. "వాన లేనప్పుడు కూడా నా బండి మీ షాపు ముందే ఆగాలని ఉంది. ఎప్పటికీ. పెద్దవాళ్ళ ఎదుటే అడుగుతున్నాను. మీకు ఇష్టమేనా?"

మనవరాలు గోడ వదిలి బల్ల దగ్గరికి వచ్చింది. కోడలు ఉండబట్టలేకపోయింది.

"సరే అను అమ్మా. పాపం, అడుగుతున్నాడు కదా."

"నీకు అందరూ పాపమేనమ్మా," అంది మనవరాలు. "నేను నీలా అన్నిటికీ సరే అనను. విడివిడిగా చూసి చెప్తాను. మనిషికి సరే. బండికి సరే. ఏది తియ్యాలన్నా ముందు నన్ను అడగాలి, దానికి ఒప్పుకుంటే సరే. అక్క అన్న మాట మాత్రం పూర్తిగా తుడిచెయ్యాలి. దానికి నన్ను అడగక్కర్లేదు."

"ఎప్పుడో తుడిచేశానండీ," అన్నాడు మెకానిక్. ఇప్పుడు తలెత్తాడు. ఆమె చూపు అక్కడే ఉంది, ఈసారి దాచుకోలేదు.

"మీ నాన్న లారీ దిగాక ఆయనకీ చెప్పి, ఆయన చేత కూడా సరే అనిపించాలి," అంది కోడలు కళ్ళొత్తుకుంటూ.

"అవన్నీ తర్వాత," అన్నాడు తాతయ్య. "ముందు నా గుర్రం సంగతి తేల్చండి."

మెకానిక్ రుమాలు విప్పి ఫోన్ ఇచ్చాడు. మనవరాలు బల్ల తెరిచి, ఎత్తు వెనక్కి తీసుకుంటానని అడిగే మీట నొక్కింది. తాతయ్య కంప్యూటర్ వెయ్యమన్నాడు. మిషన్ దగ్గరనుంచి లేచి కోడలు వేసింది. తెర వెలిగి, ఒక పలక వచ్చింది. 'కిందటి ఎత్తు వెనక్కి తీసుకుంటామని మీ ప్రత్యర్థి అడుగుతున్నారు. ఒప్పుకుంటారా?'

కోడలి వేలు అలవాటుగా ముందుకు వెళ్ళింది. సగంలో ఆగింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

"నొక్కనా మావయ్యగారూ?"

ఆ పలకల్లో దేన్నైనా నొక్కేముందు ఆమె ఒకరిని అడగడం అదే మొదలు.

"నొక్కమ్మా," అన్నాడు తాతయ్య.

చచ్చిపోయిన గుర్రం లేచి వచ్చి తన చోట నిలబడింది. కిటికీ బయట వాన వెలిసింది. మెకానిక్ మాత్రం లేవలేదు, బండి కదిలేలా లేదన్నాడు.